వినడం వస్తే డైలాగ్ వస్తుంది
నాటకరంగం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఉద్యోగం చేసుకుంటూ పరిషత్ పోటీల నాటికల్లో వేస్తున్నాను. ఇంట్లో నా పోర్షన్, అంటే నా పాత్ర డైలాగులు, గడగడా అప్పజెప్తాను. రిహార్సల్‌లో ఎదుటి నటుడు ఒక్క మాట మార్చినా తడబడతాను. పాఠం చెప్తున్నట్టుందని డైరెక్టర్ గారు అంటున్నారు.
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ జ్ఞాపకశక్తికి ఏ లోటూ లేదు. మీరు పోర్షన్‌ని ఒంటరిగా, ఒకే వేగంతో, ఒకే రాగంలో బట్టీపట్టారు. రాగంతో కలిసి గుర్తున్న మాట రాగం తెగగానే జారిపోతుంది. దానికి తోడు చాలామంది నటులు ఎదుటివాళ్ల డైలాగ్‌లో చివరి రెండు మాటలే క్యూగా, అంటే తాము మొదలుపెట్టడానికి గుర్తుగా, పెట్టుకుంటారు. అవి మారితే దారి దొరకదు.

ఒక ఉదాహరణ చూడండి. అన్న అంటాడు: "పొలం అమ్మేద్దామనుకుంటున్నాను. అమ్మకింకా చెప్పలేదు." తమ్ముడి జవాబు: "నువ్వెవడివి అమ్మడానికి?" ఇక్కడ క్యూ "చెప్పలేదు" అన్న మాట. తమ్ముడికి దెబ్బ తగిలింది మాత్రం "అమ్మేద్దాం" దగ్గరే. ఊపిరి అక్కడే అందుకోవాలి. మిగతా వాక్యం అయ్యేదాకా వాడు తనను తాను ఆపుకుంటున్నాడు. "చెప్పలేదు" కోసం కాచుకున్న నటుడి మొహం అప్పటిదాకా ఖాళీగా ఉంటుంది. పాఠంలా వినిపించేది అందుకే.

మొదటి నాలుగు రోజులు బట్టీ జోలికి పోకండి. రీడింగ్‌లో, అంటే అందరూ కూర్చుని స్క్రిప్టు చదువుకునేటప్పుడు, మీ ప్రతి డైలాగ్‌కీ కారణమైన మాట ఎదుటివాళ్ల డైలాగ్‌లో ఎక్కడుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత ఏ భావమూ పెట్టకుండా, చప్పగా కంఠతా పట్టండి. బట్టలు మడతపెడుతూనో కూరగాయలు తరుగుతూనో చెప్పుకోండి. ఇంట్లో ఎవరిచేతైనా ఎదుటి డైలాగులు ఒకసారి వేగంగా, ఒకసారి నీళ్లు నములుతూ చదివించుకోండి. చేతులు పనిలో ఉన్నా, ఎదుటి వేగం మారినా మాట తప్పకపోతే పోర్షన్ వచ్చినట్టే.

ప్రశ్న: మా నాటక సమాజంలో స్త్రీ పాత్రకు వేరే ఊరి నుంచి నటి వస్తారు. ఆమెకు కుదిరేది చివరి మూడు రోజులే. అప్పటిదాకా మా రిహార్సల్ ఎలా సాగాలి?
- ఒక సమాజం సభ్యులు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చాలా సమాజాల్లో ఆమె డైలాగుల్ని కుర్చీలో కూర్చున్న ఒకరు చదివేస్తుంటారు. నష్టం అక్కడే మొదలవుతుంది. మగనటులు గాలితో మాట్లాడటానికి అలవాటుపడతారు. ఆమె వచ్చాక కూడా కళ్లు ఆమె తలమీదుగా పోతుంటాయి. అందుకే ఆమె బదులు ప్రాక్సీగా ఒకరిని కచ్చితంగా నిలబెట్టండి. ఆమె కదలికలన్నీ ఆ వ్యక్తి చేయాలి. మూవ్‌మెంట్లు కుదిరాక ఫోన్‌లో వీడియో తీసి, స్క్రిప్టుతో పాటు కనీసం వారం ముందు ఆమెకు పంపండి. ఆ వీడియోలో ప్రాక్సీ ఎటు నుంచి వచ్చి ఎక్కడ నిలబడుతున్నారో స్పష్టంగా కనిపించాలి.

ఆమె వచ్చిన మొదటి రోజు నేరుగా రన్‌కి, అంటే నాటికను ఆపకుండా ఆడటానికి, దిగకండి. గంటసేపు కూర్చుని రీడింగ్ చేయండి. అనుభవమున్న నటి ఆ పాత్రను మీరు ఊహించనట్టు పలకవచ్చు. అప్పుడు "మేమిలా అనుకోలేదండీ" అని ఆపేయకుండా, ఆ పలుకుకు మీ జవాబు మారనివ్వండి. చేయి పట్టుకోవడం, భుజం మీద తల వాల్చడం వంటివి ఉంటే ఎక్కడ, ఎంతసేపు అన్నది డైరెక్టర్ సమక్షంలో ముందే అడిగి ఖరారు చేసుకోండి. ప్రదర్శన రోజు కొత్తగా ఏదీ చేర్చకూడదు. ఆమె పారితోషికం, బస, తిరుగు ప్రయాణం మొదటి ఫోన్‌లోనే తేల్చండి. బస్సు దొరుకుతుందో లేదో అన్న ఆందోళనతో ఉన్న మనిషిని సన్నివేశంలో లీనం కమ్మనడం అన్యాయం.

ప్రశ్న: డైరెక్టర్ గారు అందరి ముందూ తప్పులు ఎత్తిచూపితే ముడుచుకుపోతున్నాను.
- ఒక విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: సలహాకు అక్కడికక్కడే సంజాయిషీ చెప్పకండి. రాసుకుని, తర్వాతి రన్‌లో చేసి చూడండి. చేసినా కుదరకపోతే విరామంలో విడిగా అడగండి. "ఇంకా ఏడుపు కావాలమ్మా" అన్న సలహాతో మాత్రం జాగ్రత్త. ఏడుపు మీద దృష్టి పెడితే గొంతు బిగుసుకుంటుంది, కన్నీళ్లు రావు. ఆ చోట పాత్ర ఎదుటివాళ్లని ఏం చేస్తోందో అడిగి తెలుసుకోండి: బతిమాలుతోందా, దబాయిస్తోందా, మభ్యపెడుతోందా? దొరికిన క్రియను పట్టుకోండి. ఇక అవమానకరమైన తిట్లు సలహా కిందికి రావు. వాటిని భరించాల్సిన పని లేదు, సమాజం పెద్దలకు చెప్పండి.

ప్రశ్న: భార్యను కొట్టే భర్త పాత్ర వేస్తున్నాను. ఇంటికెళ్లాక కూడా గొంతు కరుగ్గానే ఉంటోందని మా ఆవిడ అంటోంది.
- ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ముందు చెంపదెబ్బ సంగతి. నిజంగా కొట్టడం నటన కాదు. చేయి మొహానికి కనీసం జానెడు దూరంలో పోవాలి. కొట్టేముందు ఇద్దరూ కళ్లు కలపాలి. దెబ్బ తిన్న నటి ప్రేక్షకులకు కనపడకుండా చప్పట్లాంటి శబ్దం చేసి, తల తిప్పాలి. ఎప్పుడన్నది ఆమె కంటి సైగతో నిర్ణయం కావాలి. సగం వేగంతో పదిసార్లు తప్పు లేకుండా వచ్చాకే పూర్తి వేగం. ఈ అమరిక ఉంటే ఆమెకు భయం ఉండదు, మీరూ అదుపు కోల్పోరు.

ఇక పాత్ర. ఆవేశం కోసం మీ ఇంటి గొడవల్ని తవ్వుకోకండి. అలా చేస్తే రిహార్సల్ అయ్యాక ఆ మంట మీతోనే ఇంటికొస్తుంది. ఈ పరిస్థితిలో నేనుంటే ఏం చేస్తాను అని ఊహించమన్నది రష్యన్ దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ పద్ధతి. ఆ భర్త దృష్టిలో తను చేసేది తప్పు కాదు. అతనికి దేనిమీద భయం? అప్పులవాళ్లా, భార్య తనకన్నా తెలివైనదన్న ఉక్రోషమా? అది వెతికితే అరుపు తగ్గి, పాత్ర చిక్కబడుతుంది. అతన్ని సమర్థించమని కాదు. అలాంటి మాట మన నోటి వెంట ఇంట్లో ఎప్పుడు వస్తోందో పట్టుకునే చూపు నటుడికి దొరుకుతుంది. మీ ఆవిడ చెప్పింది విన్నారు కదా, అది మంచి సూచన.

రోజూ చివర్లో ఐదు నిమిషాలు కేటాయించండి. పాత్ర చెప్పులు, కండువా విడిచి, ఎదుటి నటిని అసలు పేరుతో "ఏమండీ, బాగానే ఉన్నారా" అని పలకరించి, మంచినీళ్లు తాగి బయల్దేరండి.

ప్రశ్న: గంట నాటికకు ఎన్ని రోజుల రిహార్సల్ కావాలి?
- ఒక కొత్త దర్శకుడు, ఖమ్మం

జవాబు: సాయంత్రం రెండేసి గంటల చొప్పున 28 నుంచి 30 రోజులు. అందులో ఐదు రీడింగులకు, పది మూవ్‌మెంట్లకు, ఎనిమిది పదిరోజులు సన్నివేశాల్ని విడివిడిగా చెక్కడానికి, చివరి ఐదు ఆపకుండా రన్‌లకు. నేలమీద సున్నంతోనో టేపుతోనో గుమ్మం, మంచం, గోడ గీసుకోండి. ప్రాపర్టీస్, అంటే నటులు వాడే వస్తువులు, మూవ్‌మెంట్ల మొదటి రోజు నుంచే చేతిలో ఉండాలి.

అన్నిచోట్లా జరిగే పొరపాటు ఒకటుంది. రోజూ మొదటి సన్నివేశం నుంచే మొదలెడతారు. అది ముప్పై సార్లు అవుతుంది, క్లైమాక్స్‌కు అలసిపోయిన పావుగంట మిగులుతుంది. రోజు విడిచి రోజు చివరి సన్నివేశంతో మొదలుపెట్టండి. రన్‌లలో స్టేజీ ముందు మైకులుండే చోట ఇటుకలు పెట్టండి. లేకపోతే ప్రదర్శన నాడు నటులంతా వరసకట్టి మైకు ముందుకొచ్చి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మాట్లాడతారు.