కెమెరా ముందున్నవాళ్ల సంగతి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

దక్షిణాఫ్రికా జాతివివక్ష పాలనలో ప్రజల తిరుగుబాటును ఫొటోలకెక్కించిన వారి మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. విషయసేకరణకు లోటు లేదు. అయితే వ్యాసం పొడుగునా కెమెరా పట్టుకున్నవాళ్ల సాహసమే కనిపిస్తోంది తప్ప, కెమెరా ముందు నిలబడినవాళ్లు ఊరూ పేరూ లేని గుంపుగా మిగిలిపోయారు. తిరగరాసేటప్పుడు ముందుగా సరిచేయవలసింది ఇదే.

పత్రికా ఫొటోగ్రాఫర్ శామ్ ఎన్‌జిమా తీసిన ఫొటోనే తీసుకో. తెల్ల పాలకుల భాష ఆఫ్రికాన్స్‌లో పాఠాలు చెప్పడాన్ని నిరసిస్తూ 1976 జూన్ 16న, జోహానెస్‌బర్గ్ నగరం పక్కనున్న నల్లవాళ్ల పేట సొవెటోలో ఊరేగింపుగా బయలుదేరిన బడిపిల్లల మీద పోలీసులు కాల్పులు జరిపారు. తూటా తగిలి వాలిపోయిన హెక్టర్ పీటర్సన్ అనే పిల్లవాణ్ణి రెండు చేతుల మీదా ఎత్తుకుని ఓ యువకుడు పరుగెడుతున్నాడు. అతని ముఖం ఏడుపుతో వంకరపోయింది. పక్కనే స్కూలు దుస్తుల్లో ఉన్న హెక్టర్ అక్క ఆంటొనెట్ అరచెయ్యి ఎత్తి పరుగెత్తుతోంది. ఎన్‌జిమా ఆ రీలును సాక్సులో దాచి, 'ది వరల్డ్' పత్రికకు చేరేలా చూశాడు. ఇంతవరకూ నువ్వూ రాశావు, బాగా రాశావు. కానీ ఆ యువకుడి పేరు ఎంబుయిసా మఖూబు అనీ, ఆ ఫొటో ప్రపంచమంతా అచ్చయ్యాక పోలీసుల వేధింపులకు తాళలేక దేశం విడిచిపోయాడనీ, 1978లో నైజీరియా నుంచి తల్లికి ఒక ఉత్తరం రాశాక మళ్లీ అతని కబురే లేదనీ నీ వ్యాసంలో ఎక్కడా లేదు. తల్లి ఎదురుచూపును వదిలేసి ఆ ఫొటో గొప్పదనం గురించి రెండు పేజీలు రాయడం నాకు మింగుడు పడలేదు. ఎన్‌జిమా సైతం పోలీసుల బెదిరింపులతో ఉద్యోగం మానుకుని సొంత ఊరికి చేరుకోవలసి వచ్చింది. తాను తీసిన ఫొటో మీద హక్కులు ఆయనకు 1998లో గాని దక్కలేదు.

నిరసన ఫొటో పత్రికకు ఎలా సాక్ష్యమో పోలీసులకూ అలాగే సాక్ష్యం. కనుక ఒక్కో ఫొటో ముందు కూర్చున్నప్పుడు ఇందులో ఎవరి ముఖం గుర్తుపట్టేలా ఉంది, ఇది ఎవరి చేతిలో పడి ఉంటుంది అని అడుగు. 1985లో అత్యవసర పరిస్థితి విధించిన ప్రభుత్వం, ఆ ఏడాది చివరికల్లా అల్లర్ల ప్రాంతాల్లో ఫొటోలు తీయడాన్నే నిషేధించింది. ఆ నిషేధం గురించి నువ్వు ఒక్క వాక్యంతో దాటేశావు, అక్కడ ఆగాలి.

ఫొటోగ్రాఫర్ పీటర్ మగుబానే రొట్టెను లోపల తొలిచి కెమెరా దాచి, తింటున్నట్టు నటిస్తూ ఫొటోలు తీసిన కథ నీకు బాగా నచ్చినట్టుంది. నాకూ నచ్చుతుంది, ఉంచు. కాకపోతే 1969లో అరెస్టయి 586 రోజులు ఒంటరి ఖైదులో గడిపినవాడూ, విడుదలయ్యాక అయిదేళ్లు ఫొటోలు తీయకుండా నిషేధానికి గురైనవాడూ ఆయనే. ఆ రొట్టె ముక్క పక్కన ఈ సంగతి లేకపోతే పాఠకుడు దాన్ని చమత్కారంగా చదివి పక్కన పెట్టేస్తాడు.

ఇంకొకటి. ప్రతిఘటన అంటే పిడికిలి, పొగ, పరుగు మాత్రమే అన్నట్టు ఫొటోలు ఎంచుకున్నావు. 1982లో ఒమర్ బాద్షా, పాల్ వైన్‌బర్గ్ తదితరులు కలిసి పెట్టుకున్న ఆఫ్రాపిక్స్ అనే ఫొటోగ్రాఫర్ల బృందం పనిని ఓపికగా చూడు. ఆ బృందంలో పనిచేసిన సాంటు మొఫొకెంగ్ 1986లో సొవెటో నుంచి జోహానెస్‌బర్గ్ వెళ్లే రైళ్లలో ఫొటోలు తీశాడు. నల్లవాళ్లు నగరానికి దూరంగా బతకాలని చట్టమే శాసించిన చోట, పనికి పోయి రావడానికే రోజులో సగం జీవం హరించుకుపోయే ఆ జనం, కిక్కిరిసిన పెట్టెలో చప్పట్లు కొడుతూ, పెట్టె గోడలు బాదుతూ ప్రార్థనాగీతాలు పాడుతుంటారు. అక్కడ పోలీసు లేడు, నినాదం లేదు. దీన్ని ప్రతిఘటన అనవచ్చా అని నువ్వు అడగవచ్చు. నేను అనవచ్చనే అంటాను. నువ్వు కాదంటే ఎందుకు కాదో వ్యాసంలోనే వాదించు.

ఆ రైలు ఫొటోల మీద రాసే భాగం ముందుగా పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి