టెక్ సందేహాలు: 620 కెమెరాలో 120 రీలు పడుతుందా?

ప్రశ్న: తాతయ్య వాడిన కొడాక్ బ్రౌనీ కెమెరా దొరికింది. లోపల 620 ఫిల్మ్ (పాత రోల్ ఫిల్మ్ రకం) వాడమని రాసి ఉంది. ఇప్పుడు దొరికే 120 రకం రీలు కొంటే అందులో ఇమడటం లేదు. దారేమైనా ఉందా?

జవాబు: ఉంది. కొడాక్ 1995లో 620 తయారీ ఆపేసింది గానీ, ఫిల్మ్ వెడల్పు, ఫిల్మ్ వెనక ఉండే కాగితం మీది అంకెలు రెండింట్లోనూ ఒకటే. తేడా అంతా స్పూలులోనే, అంటే ఫిల్మ్ చుట్టే కండెలోనే. 620కి ఇరుసు సన్నం, అంచు బిళ్లలు చిన్నవి. జనం తమ రీళ్లే కొనాలని కొడాక్ పెట్టిన మెలిక అనిపిస్తుంది నాకైతే.

620 ఖాళీ స్పూళ్లు రెండు సంపాదించండి. ఒకటి కెమెరాలోనే ఉండిపోయి ఉండొచ్చు, చూడండి. పూర్తి చీకట్లో 120 రీలును మొదటి స్పూలుకు చుట్టండి. ఇప్పుడు ఫిల్మ్ చివరి కొస పైకొస్తుంది కాబట్టి, దాన్ని మళ్లీ రెండో స్పూలుకు చుట్టాలి. చిక్కంతా ఈ రెండో చుట్టులోనే. ఫిల్మ్‌ను కాగితానికి ఒక కొసనే టేపుతో అంటిస్తారు. ఆ కొస దగ్గరికి వచ్చేసరికి ఫిల్మ్ ఉబ్బుతుంది. నొక్కి చుట్టేస్తే మడత పడుతుంది. టేపు లేపి, ఫిల్మ్‌ను చదును చేసి మళ్లీ అంటించండి. ఎర్ర బల్బు కూడా వద్దు, ఇప్పటి ఫిల్ములు చాలావరకు ఎరుపునూ పట్టేస్తాయి. ఒక పాత రీలుతో ముందు వెలుతురులో సాధన చేసుకోండి.

రెండో స్పూలు కెమెరాలో పెట్టండి, ఖాళీ అయిన మొదటిది ఫిల్మ్ చుట్టుకునే వైపుకి. 120 స్పూలు అంచులు అరగదీసి పెట్టేవారున్నారు. కొన్ని మోడళ్లలో పడుతుంది, కానీ చుట్టుకునే వైపు మాత్రం 620 స్పూలే ఉండాలి.

కెమెరా వెనక అంకెలు కనిపించే ఎర్ర కిటికీకి నల్ల టేపు వేసి, ఫిల్మ్ తిప్పేటప్పుడు మాత్రమే నీడలో తీయండి. లేకపోతే ఫొటోల మీద ఎర్ర మచ్చలొస్తాయి. డెవలపింగ్‌కి ఇచ్చేటప్పుడు స్పూలు తిరిగి ఇమ్మని ల్యాబ్‌కు చెప్పండి. మామూలుగా వాళ్లు పారేస్తారు!

ప్రశ్న: పాత ఏపీఎస్ (ఒకప్పటి చిన్న సైజు ఫిల్మ్ రకం) క్యాట్రిడ్జ్‌లో ఫొటోలున్నాయో లేదో తెరవకుండా తెలుస్తుందా?

జవాబు: ఒక కొసన నాలుగు గుర్తులుంటాయి, తెల్లగా కనిపించేదాన్ని చూడండి. నిండు వృత్తమైతే వాడనిది, అర్ధవృత్తమైతే సగం వాడినది, ఇంటూ గుర్తయితే తీయడం పూర్తయింది, కడగాలి. దీర్ఘచతురస్రమైతే కడిగేశారన్నమాట. ఏపీఎస్‌లో నెగటివ్‌ను కడిగాక కూడా మళ్లీ అందులోకే చుట్టేస్తారు. దాన్ని డెవలపింగ్‌కి కాదు, స్కానింగ్‌కి ఇవ్వండి.