సంక్రాంతి సెలవులకు ఫిన్లాండ్: రోజుకు ఒక్క ఆట చాలు

ఇద్దరు పిల్లలతో, అరవై దాటిన అత్తగారితో అనంతపురం నుంచి ఫిన్లాండ్ ఉత్తరాన ఉన్న రొవానియెమి ఊరికి వెళ్తున్నామని, రోజుకు మూడు ఆటల చొప్పున బుక్ చేసుకోవాలా అని అడిగారు. వద్దండీ. జనవరి మధ్యలో అక్కడ పగలు సుమారు నాలుగు గంటలే ఉంటుంది. పొద్దున కుక్కలు లాగే బండి ఎక్కితే, మిగతా పూట పిల్లలను మంచులో దొర్లనివ్వండి. మా వాళ్లకు చివరికి గుర్తున్నది అదే.

అత్తగారి గురించి బెంగ పడకండి. కుర్చీ కింద రెండు పొడవాటి ఇనుప పట్టాలు బిగించినట్టుండే తోపుడు బండి అక్కడ అద్దెకు దొరుకుతుంది. ఆవిడను కూర్చోబెట్టి వెనక నుంచి తోయడమే. కడపలో ఆటో ఎక్కాలంటేనే భయపడే మా అమ్మ, అక్కడ ‘ఇంకాస్త వేగంగా తోయరా’ అంది!

అసలు చిక్కు బట్టలది. మనం 18 డిగ్రీలకే మంకీ క్యాపు తగిలిస్తాం, అక్కడ మైనస్ 20 వింతేమీ కాదు. ఒంటికి తగిలే పొర నూలుది వద్దు. చెమటకు తడిసి, ఆరక, ఒళ్లంతా చల్లబరుస్తుంది. ఉన్నిది కొనండి. పైన వేసుకునే దళసరి సూటు, బూట్లు అక్కడే అద్దెకు తీసుకోవచ్చు. బూట్లు ఒక సైజు పెద్దవి అడగండి, బిగుతైతే వేళ్లు మొద్దుబారతాయి. ఫోను లోపలి జేబులో ఉంచుకోండి, చలికి బ్యాటరీ ఇట్టే పడిపోతుంది.

ఫిన్లాండ్ వెళ్లడానికి కావాల్సిన షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల ప్రయాణ వైద్య బీమా తప్పనిసరి. కారప్పొడి తీసుకెళ్లండి కానీ నెయ్యి డబ్బా సర్దకండి, బయటి దేశాల పాల పదార్థాలను అక్కడికి తేనివ్వరు.