నెలసరికి ముందు తలనొప్పి: హార్మోన్ల వల్లనా, ఒత్తిడి వల్లనా?

నెలసరి దగ్గరపడేసరికి ఒంటికణత నొప్పి వస్తోందనీ, డాక్టరు ఒత్తిడి తగ్గించుకోమంటే ఇంట్లోవారు హార్మోన్లంటున్నారనీ, ఇందులో ఏది నిజమనీ మీరు అడిగారు. నేను వైద్యురాలిని కాదు, ఇరవై రెండేళ్లుగా ఈ ఒంటికణత నొప్పితో, అంటే మైగ్రేన్‌తో కాపురం చేస్తున్న లెక్కల టీచరును. నాకు అర్థమైనంతలో రెండూ నిజమే, పైగా హార్మోనైనా ఒత్తిడైనా, అసలు చిక్కు అది దిగేటప్పుడే వస్తుంది.

ఈ సంగతి నాకు మొదట తెలిసింది మా గృహప్రవేశం సందర్భంలో. వ్రతం రోజుకు బహిష్టు అడ్డు రాకూడదని, మనలో చాలామంది చేసినట్టే, నేనూ నెలసరి వాయిదా పడే మాత్రలు వేసుకున్నాను. నెలసరి ఆగింది కానీ తలనొప్పి మాత్రం తన తేదీకి తాను వచ్చి, పీటల మీద కూర్చున్నంతసేపూ నన్ను వదలలేదు. ఇది నా ఒక్కదాని వింత కాదని చాలా ఏళ్ల తరువాత చదివి తెలుసుకున్నాను. ఆస్ట్రేలియాకు చెందిన నాడీవైద్యుడు బ్రయన్ సోమర్‌విల్ 1970ల ఆరంభంలో ఇలాంటి కొందరు స్త్రీలకు నెలసరికి ముందు, ఆ మాత్రల కోవకే చెందిన ప్రొజెస్టెరాన్ అనే హార్మోను ఇస్తే రక్తస్రావం వాయిదా పడింది గానీ తలనొప్పి ఆగలేదు. ఈస్ట్రోజెన్ అనే మరో స్త్రీ హార్మోను ఇచ్చి చూస్తే నెలసరి వచ్చింది, తలనొప్పి మాత్రం ఆలస్యమైంది. అంటే చాలా రోజులు ఎత్తులో నిలిచిన ఈస్ట్రోజెన్ నెలసరికి ముందు ఒక్కసారిగా పడిపోవడమే నొప్పికి తలుపు తీస్తోందన్నమాట. ఈ హార్మోను మెదడులో కబుర్లు మోసే రసాయనమైన సెరొటోనిన్ పనితీరును, ముఖం నుంచీ తల నుంచీ నొప్పి కబురు మోసే ట్రైజెమినల్ నాడినీ ప్రభావితం చేస్తుంది కనుక అది తగ్గగానే ఆ నాడి చిన్న కారణానికే రెచ్చిపోతుంది.

రెండో కాన్పులో నాలుగో నెల నుంచి నాకు ఒక్కసారైనా తలనొప్పి రాలేదు. కాన్పయిన మూడో రోజున విరుచుకుపడింది. గాలి తగిలిందని అమ్మ చెవుల్లో దూది పెట్టి, శొంఠి అరగదీసి పట్టు వేసింది. గర్భంతో ఉన్నంతకాలం పెరుగుతూ వచ్చిన ఈస్ట్రోజెన్ కాన్పుతో అమాంతం పడిపోతుందని అప్పుడు మాకెవరికీ తెలియదు. (శొంఠి పట్టు హాయిగానే ఉంటుంది, ఇప్పటికీ వేసుకుంటాను.) రజస్వల కాకముందు ఆడపిల్లల్లోనూ మగపిల్లల్లోనూ మైగ్రేన్ ఇంచుమించు సమానంగా ఉండి, ఆ తరువాత స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ కావడానికీ హార్మోన్లే ముఖ్య కారణం.

ఇక ఒత్తిడి సంగతి. పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌లో రోజుకు 40 పేపర్లు దిద్దుతూ, ఎండలో బస్సులు మారుతూ తిరిగినన్నాళ్లూ నాకు తల నొప్పి రాదు. క్యాంపు ముగిసిన మర్నాడు, తీరిగ్గా లేచి ఆలస్యంగా కాఫీ తాగిన రోజున వస్తుంది. గట్టి ఒత్తిడిలో శరీరం నొప్పిని తాత్కాలికంగా అణచి ఉంచుతుంది. 2014లో మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన జెఫ్రీ మోగిల్ బృందం, ప్రయోగశాలలో మగవారు ఉంటే చాలు, వారి వాసనకు ఎలుకలు ఒత్తిడికి లోనై నొప్పి తక్కువగా చూపుతున్నాయని గమనించింది. మావారికి ఇది చెబితే తానే నా మందు అన్నారు. అయితే నెలల తరబడి సాగే ఒత్తిడి ఈ అణచే ఏర్పాటునే బలహీనపరుస్తుంది. మా అత్తగారు మంచాన పడిన ఏడాది నాకు తలనొప్పి రోజులు రెట్టింపయ్యాయి. ఒత్తిడి దిగిన రోజూ ఈస్ట్రోజెన్ దిగిన రోజూ ఒకటైతే ఆ నొప్పి మామూలు మాత్రకు లొంగదు.

అందుచేత మీరు మూడు నెలలు గోడ క్యాలెండరులోనే నెలసరి తేదీ, నొప్పి వచ్చిన రోజు, వేసుకున్న మాత్ర, నిద్ర గుర్తించుకోండి. నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు వరకు ఉండే వ్యవధిలో, మూడు నెలల్లో కనీసం రెండు నెలలు నొప్పి వస్తే దానికి నెలసరితో సంబంధం ఉన్నట్టు వైద్యులు లెక్కిస్తారు. నా క్యాలెండరు కాగితాలు చూశాకే న్యూరాలజిస్టు ఆ అయిదు రోజులకు మాత్రమే ముందుగా మొదలుపెట్టే నాప్రోక్సెన్ అనే నొప్పి మాత్ర రాశారు. కడుపులో పుండ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవారికి అది పడదు కనుక సొంతంగా కొనుక్కోకండి. నెలకు పదిహేను రోజులు, అంతకు మించి నొప్పి మాత్రలు మింగుతూ పోతే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి. నొప్పికి ముందు కళ్ల ఎదుట జిగజిగలాడే వెలుగు గీతలు కనిపించేవారైతే, గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టే ముందు ఆ మాట తప్పక చెప్పాలి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలతో అలాంటివారికి పక్షవాతం ముప్పు పెరుగుతుంది. పిడుగు పడినట్టు హఠాత్తుగా వచ్చిన నొప్పి అయినా, మాట తడబడినా, చేయి మొద్దుబారినా క్యాలెండరు చూడకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.