పొద్దున్నే తలపోటు, వాంతి: గ్యాస్ మాత్రలకు తగ్గట్లేదు

మీ అమ్మగారికి పొద్దున్నే తలపోటు, వాంతులు వస్తున్నాయని, గ్యాస్ మాత్రలు వేసినా, కళ్లద్దాలు మార్చినా తగ్గట్లేదని అడిగారు. ఇది గ్యాస్ కాకపోవచ్చు. నిద్ర లేవగానే తలపోటు, వాంతయ్యాక కాస్త తెరిపి, దగ్గినా వంగినా ఎక్కువవడం... మీ అమ్మగారికి ఉన్నాయన్న ఈ మూడూ తలలో ఒత్తిడి పెరిగితే కనిపించేవే. మెదడులో గడ్డేనని టెన్షన్ పడకండి, మైగ్రేన్‌లోనూ వాంతులుంటాయి.

1. చాలామంది వదిలేసేది కంటి నరం పరీక్ష. అద్దాలు రెండుసార్లు మార్చామన్నారు, అది వేరు. చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక లోపల నరం వాచిందేమో డాక్టరు చూడాలి. తర్వాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది, తోడు వెళ్లండి.

2. వాపు ఉంటే ఆ రోజే ఎమర్జెన్సీకి. లేకపోయినా గడ్డ లేదని కాదు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజీ (మెదడు, నరాల విభాగం) ఓపీకి తీసుకెళ్లండి. ఎమ్మారై స్కాన్ కావాలో లేదో వాళ్లు చెబుతారు.

3. ఫిట్స్, మాట తడబడటం, చేతిలో గ్లాసు జారిపోవడం, మగత: ఏది కనిపించినా ఓపీ లైన్లో నిలబడొద్దు. 108కి ఫోన్ చేయండి.