మూడు అప్లికేషన్లు, ఒకే చిరునామా

ప్రశ్న: మా కోచింగ్ సెంటర్ కోసం చిన్న క్లౌడ్ సర్వర్ అద్దెకు తీసుకున్నాను. వెబ్‌సైట్ 3000 పోర్టులో (సర్వర్‌లో ఒక్కో అప్లికేషన్‌కు ఉండే తలుపు నంబరు), ఆన్‌లైన్ పరీక్షల అప్లికేషన్ 8000లో, ఫీజుల లెక్కలు 5000లో నడుస్తున్నాయి. పిల్లలకు పోర్టు నంబర్లతో అడ్రసులు ఇవ్వలేక వాటి ముందు ఇంజిన్ఎక్స్ (వచ్చిన అభ్యర్థనను తగిన అప్లికేషన్‌కు అందించే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్) పెట్టాను. వెబ్‌సైట్ బాగానే వస్తోంది. ‘/పరీక్ష/’ అని కొడితే మాత్రం 404 (పేజీ దొరకలేదు) అంటోంది. తప్పెక్కడ? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు పంపిన సెట్టింగుల్లో ‘ప్రాక్సీ పాస్’ అనే, అభ్యర్థన ఎక్కడికి పంపాలో చెప్పే వరుస 8000 దగ్గర ఆగిపోయింది. దాని తరువాత ఒక స్లాష్ (/) ఉండాలి. నవ్వకండి, తేడా నిజంగా ఆ గీతదే. అది లేకపోతే ఇంజిన్ఎక్స్ వచ్చిన దారిని ఉన్నదున్నట్టుగా, అంటే ‘/పరీక్ష/లాగిన్’ అనే, వెనక అప్లికేషన్‌కు అందిస్తుంది. దానికి తెలిసింది ‘/లాగిన్’ ఒక్కటే, అందుకే 404. స్లాష్ పెడితే పై కవరు చింపి లోపలి ఉత్తరం మాత్రమే ఇచ్చినట్టు, ‘/పరీక్ష’ తీసేసి మిగతాది పంపుతుంది. ఇగోర్ సిసోయెవ్ 2004లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టినవాళ్లలో ఇక్కడ ఒక్కసారైనా జారిపడనివాళ్లు తక్కువ. ఆ జాబితాలో నేనూ ఉన్నాను.

అయితే స్లాష్ పెట్టగానే ఇంకో చిక్కు వస్తుంది. పేజీ తెరుచుకుంటుంది కానీ రంగులూ బొమ్మలూ ఉండవు. పరీక్షల అప్లికేషన్ తన సీఎస్‌ఎస్ (పేజీ రూపురేఖల) ఫైలును ‘/స్టాటిక్’ కింద అడుగుతుంది. ముందు ‘/పరీక్ష’ లేదు కాబట్టి ఆ అభ్యర్థన నేరుగా 3000లోని వెబ్‌సైట్‌కు పోతుంది. దీన్ని అప్లికేషన్ లోపల సరిచేయవచ్చు. నన్నడిగితే ఆ తలనొప్పి వద్దు. పరీక్షలకు ఒకటి, ఫీజులకు ఒకటి సబ్‌డొమైన్ (మీ అడ్రసు ముందు ఇంకో పేరు చేర్చినది) పెట్టుకోండి. డీఎన్ఎస్‌లో (పేర్లను సర్వర్ చిరునామాకు కలిపే పట్టికలో) రెండు రికార్డులు, ఇంజిన్ఎక్స్‌లో రెండు సర్వర్ బ్లాకులు (ఒక్కో పేరుకు విడి సెట్టింగులు), అంతే. బ్రౌజర్ పంపే హోస్ట్ పేరు చూసి ఏది ఎవరికి పంపాలో ఇంజిన్ఎక్సే తేల్చుకుంటుంది. నష్టం ఒక్కటే: ఒకచోట చేసిన లాగిన్ రెండోచోట మామూలుగా చెల్లదు. మీ మూడు అప్లికేషన్లకు లాగిన్లు ఎలాగూ వేరు కాబట్టి మీకు ఆ బెంగ లేదు.

మీరు అడగకపోయినా ఒక మాట. ప్రాక్సీ మధ్యలో ఉంటే వెనక అప్లికేషన్‌కు అందరూ 127.0.0.1 (అంటే ఆ సర్వర్ తనను తాను పిలుచుకునే చిరునామా) నుంచి వచ్చినట్టే కనిపిస్తారు. తప్పు పాస్‌వర్డు అయిదుసార్లు కొడితే ఆ ఐపీని ఆపేసే ఏర్పాటు అందులో ఉందనుకోండి, ఒక పిల్లవాడి మతిమరుపుకు తరగతి మొత్తం బయట నిలబడాలి. అందుకే హోస్ట్, ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్, ఎక్స్-ఫార్వర్డెడ్-ప్రోటో అనే మూడు హెడర్లను (అడిగిన సైటు పేరు, అడిగినవారి అసలు ఐపీ, వచ్చింది హెచ్‌టీటీపీఎస్ మీదో కాదో చెప్పే చీటీలను) ప్రాక్సీ నుంచి పంపండి, వాటిని నమ్మమని అప్లికేషన్‌కూ చెప్పండి. మూడోది మరిచిపోతే, హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి చేసిన అప్లికేషన్ పేజీని తన దగ్గరికే మళ్లీ మళ్లీ తిప్పి పంపుతుంది.

ఆ మూడు పోర్టులూ ఇక బయటికి కనిపించకూడదు. అప్లికేషన్లను 127.0.0.1 మీదనే వినమనండి. డాకర్ (అప్లికేషన్లను విడివిడి డబ్బాల్లో నడిపే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే ఇంకా జాగ్రత్త: అది తెరిచిన పోర్టు ఉబుంటులోని యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌ను దాటుకుని బయటికి వచ్చేస్తుంది.

మార్పులు చేశాక ముందు ఇంజిన్ఎక్స్ సెట్టింగులను ‘-టి’ ఆప్షన్‌తో పరీక్షించి, ఆ తరువాత రీలోడ్ చేయండి, రీస్టార్ట్ కాదు. రీలోడ్‌లో ఫైలు తప్పుగా ఉన్నా పాత సెట్టింగులతోనే పని సాగుతుంది. రీస్టార్ట్‌లో తప్పు దొరికితే పరీక్ష మధ్యలో ఉన్నవాళ్లకు తెల్లతెర మిగులుతుంది.

ప్రశ్న: ఫోనుతో తీసిన జవాబు పత్రాల ఫొటోలు ఎక్కిస్తే 413 (పంపింది మరీ పెద్దది) అంటోంది. అప్లికేషన్‌లో పరిమితి 20 ఎంబీ పెట్టానే! – ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఫొటో అప్లికేషన్ దాకా చేరడమే లేదు. ఇంజిన్ఎక్స్ మామూలుగా 1 ఎంబీ దాటితే గుమ్మంలోనే ఆపేస్తుంది. ‘క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్’ను ఆ ఒక్క సర్వర్ బ్లాకులో 20 ఎంబీ చేయండి. సున్నా పెట్టమని ఎవరైనా చెబితే వినకండి, అది పరిమితినే ఎత్తేస్తుంది.