పైపు పలకాలంటే ముందు నీళ్లు రావాలి

పైపు అదురుతోనే కరెంటు పుట్టించుకునే సెన్సర్లు మన ఊళ్లలో లీకులు పట్టడానికి పనికొస్తాయా అని అడిగారు. పర్లాకిమిడిలో ముప్పై ఏళ్లుగా పైపుల దుకాణం నడుపుతున్నాను. ఇనుప పైపుకైతే పనికొస్తాయి, ప్లాస్టిక్ పైపుకు దండగ.

ఒకసారి మా వీధి వారం రోజులు తడి ఆరలేదు. నీరు ఊరిన చోటే రెండుసార్లు తవ్వించారు. రెండుసార్లూ పైపు నిక్షేపంగా ఉంది. చివరికి పాతపట్నం నుంచి ఒక ముసలి ఫిట్టరును పిలిపించాం. తెల్లవారుజామున నీళ్లు వదిలే వేళకు వచ్చి, ఇనుప చువ్వ ఒక కొనను వాల్వు కాడకు ఆనించి, రెండో కొన మీద బొటనవేలు పెట్టి, వేలికి చెవి చేర్చారు. "ముందు ఆ కుక్కను తరమండి బాబూ" అన్నారు. తరువాత చువ్వ నాకిచ్చారు. కాలిన పెనం మీద నీళ్లు చిలికినట్టు ఎడతెగని సుయ్‌మనే చప్పుడు! పగిలిన జాయింటు నలభై అడుగులు ఎగువన, మిఠాయి కొట్టు మెట్ల కింద దొరికింది. నీరు పైపు పక్క ఇసుకలోంచి జారి పల్లంలో తేలిందన్నమాట.

సెన్సరు చేసేదీ ఆ చువ్వ పనే. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని క్యూరీ సోదరులు 1880లోనే కనిపెట్టారు. లీకు అదురు ఆ స్ఫటికాన్ని నొక్కుతుంది. పుట్టేది మాత్రం పిసరంత. కబురు పంపాలంటే కెపాసిటర్‌లో కూడబెట్టుకోవాలి.

పీవీసీ పైపు ఆ అదురును కొద్ది దూరంలోనే మింగేస్తుంది. అమ్మేదీ నేనే, తిట్టేదీ నేనే. పైపు కొన తుడవకుండా గమ్ము రాసి, పది నిమిషాలకే నీళ్లు వదిలి, కారుతోందని నా మీదకే వస్తారు!

అసలు చిక్కు వేరే. పూటకో గంట నీళ్లొచ్చే ఊళ్లో మిగతా వేళల్లో పైపులో ఒత్తిడే ఉండదు. లీకు పలకదు, సెన్సరుకు తిండి ఉండదు. పైగా ఆ కన్నంలోంచే మురుగు లోపలికి పోతుంది. పూరీలో 2021 నుంచి రోజంతా కుళాయి నీళ్లిస్తున్నారు. పెట్టదలిస్తే అలాంటి చోట పెట్టాలి.

మెట్లు పగలగొట్టించానని ఆ మిఠాయి కొట్టాయన ఇప్పటికీ నా దగ్గర పైపులు కొనరు.